నాది కాదు

4, మంగళవారం

డైరీ మొదలుపెట్టాను. ఇన్నాళ్లూ తీరిక ఉండేది కాదు. ఇప్పుడు కోర్టువారి దయవల్ల తీరికే తీరిక.

ఉదయం ఆఫీసుకి వెళ్తే నా తాళంచెవి నా తలుపుకి పట్టలేదు. తాళం మార్చేశారు. నేను ఉద్యోగంలో పెట్టించిన వాచ్‌మన్, "కాస్త కూర్చోండి సార్, మేడమ్‌ని అడిగొస్తాను" అన్నాడు. ఇన్నేళ్లూ నన్ను చూస్తే దిగ్గున లేచి నిలబడేవాడు. ఈరోజు నన్ను కూర్చోబెట్టి, చేతులూపుకుంటూ లోపలికి నడిచాడు.

మేడమ్ అంటే రిసీవరు. డిపాజిట్ల గొడవలో మా ఫైనాన్స్ కంపెనీ మీద దర్యాప్తు తేలేదాకా కంపెనీ ఆస్తులూ నా ఆస్తులూ ఎక్కడివక్కడ కదలకుండా కాపలా కాయమని కోర్టు పెట్టిన మనిషి. నా కుర్చీలో కూర్చుంది. కాళ్లు నేలకి అందక, కింద నా ఫైళ్ల కట్ట ఒకటి వేసుకుని దాని మీద పెట్టుకుంది. బల్ల మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తాళాలే. తాళాలమ్మ అని పేరు పెట్టాను. ఇంతకన్నా మర్యాదైన పేరు తోచలేదు.

"సొరుగులో నా కళ్లజోడు ఉంది" అన్నాను.

"రాసివ్వండి" అంది.

"కళ్లజోడుక్కూడానా?"

"కళ్లజోడు లేకపోతే రాయలేరంటారా? పోనీ నేను రాస్తాను, మీరు సంతకం పెట్టండి."

పెట్టాను. నా బల్ల మీద, నా పెన్నుతో, నా కళ్లజోడు ముట్టినట్టుగా నేనే సంతకం పెట్టాను.

సాయంత్రం లాయరు ఫోన్ చేశాడు. ఆస్తులు ఏవీ కదపకూడదన్న ఆర్డరు పోయిన శుక్రవారం మధ్యాహ్నం నా చేతికొచ్చింది కదా, ఆ తర్వాత ఏమీ కదల్లేదు కదా అని అడిగాడు. లేదన్నాను. గోడౌన్‌లోవి అంతకు ముందే వెళ్లాయి. ముందే వెళ్లాయి.

5, బుధవారం

కళ్లజోడు వచ్చింది కాబట్టి అక్షరాలు కుదురుగా పడుతున్నాయి.

ఈరోజు ఆస్తుల అఫిడవిట్. నాకున్నవన్నీ రాసి ప్రమాణం చెయ్యాలట. లాయరు ఒక్కొక్కటే అడిగాడు, నేను చెప్పాను. ఫ్లాటు నాది కాదు, మా ఆవిడది. కారు నాది కాదు, కంపెనీది. వాచీలు నావి కావు, మా మామగారు దాచమని ఇచ్చినవి. లాయరు తలెత్తకుండా రాసుకుంటూ పోయి చివర్లో, "సార్, మీదంటూ ఒక్కటైనా చెప్పండి, కాగితం మరీ బోసిగా ఉంది" అన్నాడు. కాసేపు ఆలోచించి కళ్లజోడు రాయమన్నాను.

గోడౌన్ సంగతి అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇది నాకోసం రాసుకునేది కాబట్టి కాస్త గొప్ప చెప్పుకోవచ్చు. మా దగ్గర అప్పు తీసుకుని చేతులెత్తేసిన బట్టల ఫ్యాక్టరీవాడి నుంచి స్వాధీనం చేసుకున్న కుట్టుమిషన్లు నాలుగు మా గోడౌన్‌లో పడి ఉండేవి. కొత్తవే. మంచి ధర పలుకుతాయి. వాటి మీద మా కంపెనీ వేయించిన నంబర్లు గీకించేసి వ్యాన్‌లో అక్క షాపుకి పంపాను. అక్కకి టైలరింగ్ షాపు ఉంది. అక్కడున్నవీ ఇదే రకం, ఇదే బూడిద రంగు. కుట్టుమిషన్ల మధ్య నాలుగు కుట్టుమిషన్లు! ఏ తాళాలమ్మకి కనబడతాయి? రేపు అన్నీ పోయినా అమ్ముకుని నిలదొక్కుకోవడానికి అవి ఉంటాయి.

ఆరోజు అక్క, "ఇవెక్కడివిరా?" అని అడిగింది.

"గోడౌన్‌లో ఖాళీగా పడున్నాయి. నీకు యూనిఫాంల సీజన్ కదా, వాడుకో."

"నేను అడిగానా?"

"అడక్కుండా పెట్టేవాడే తమ్ముడు."

అక్క ఒక మిషన్ మీద చెయ్యి వేసి, వేలితో తడిమి చూసింది. "నంబరు గీకేసినట్టుందే" అంది.

"పాతవి కదా, పోయుంటుంది."

ఇంకేమీ అనలేదు. నేనేం చెప్పినా అక్క నమ్ముతుంది. నా కంపెనీలో మాత్రం ఒక్క రూపాయి వెయ్యలేదు. ఎప్పుడడిగినా, "నాకు అర్థంకాని చోట నేను పెట్టనురా" అనేది. దాని సంగతి వేరు. అది నమ్మకానికి సంబంధించింది కాదు.

7, శుక్రవారం

వారానికి ఇంత అని కోర్టు నా ఖర్చులకి విడుదల చేస్తుంది. నా డబ్బే. దాన్ని నాకు ధర్మం చేసినట్టు చేస్తుంది. ప్రతిదానికీ రసీదు చూపించాలి. తాళాలమ్మ నా క్రాఫు రసీదు పట్టుకుని వెలుతురుకేసి చూసింది.

"జుట్టు కత్తిరించడానికి ఇంతా?"

"నేను ఎప్పుడూ అక్కడికే వెళ్తాను."

"మా వీధిలో ఇందులో పదోవంతుకి చేస్తారు. అడ్రసు రాసిస్తాను, వచ్చే నెల అక్కడికి వెళ్లండి."

రాసిచ్చింది కూడా. ఆ కాగితం దారిలో నలిపి పారేశాను.

మా ఆవిడ పుట్టింటికి వెళ్లి కూర్చుంది. ఫ్లాటు నీదేనని అఫిడవిట్‌లో రాయించాను అని చెప్తే పొంగిపోతుందనుకున్నాను. "నన్నెందుకు ఇరికించారు?" అని ఫోన్ పెట్టేసింది. మంచికి రోజుల్లేవు.

8, శనివారం

ఎవరూ ఫోన్ చెయ్యలేదు. మంచిదే, ప్రశాంతంగా ఉంది. మధ్యాహ్నం ఫోన్ పనిచేస్తోందో లేదోనని ఇంటి ఫోన్ నుంచి నా సెల్‌కి చేసి చూసుకున్నాను. పనిచేస్తోంది.

11, మంగళవారం

గేటుకి ఎదురుగా ఒకాయన నిలబడుతున్నాడు. మూడు రోజులుగా చూస్తున్నాను. రిటైరైన బస్సు కండక్టరు, మా దగ్గర డిపాజిట్ చేసినవాళ్లలో ఒకడు. అరవడు, తిట్టడు, అట్ట మీద ఏదో రాసి పట్టుకోడు. బస్సులో నిలబడ్డట్టు కాళ్లు కాస్త ఎడంగా పెట్టుకుని నిలబడతాడంతే. భోజనం వేళకి వెళ్లిపోతాడు.

ఈరోజు గేటు తీసుకుని వెళ్లి, "ఏం కావాలండీ మీకు?" అని గట్టిగా అడిగాను.

"ఏమీ లేదండి. మీరు ఇంట్లోనే ఉన్నారో లేదో చూసుకుంటున్నాను."

"నేనెక్కడికీ పారిపోను."

"సరేనండి" అన్నాడు. మళ్లీ అక్కడే నిలబడ్డాడు.

అందరికీ ఇస్తాను. డబ్బెక్కడికీ పోలేదు, ఇరుక్కుందంతే. నన్ను నా కుర్చీలో కూర్చోనిస్తే ఏడాదిలో అందరివీ మొహాన కొడతాను. కూర్చోనివ్వకుండా చేసి, డబ్బేదీ అంటే నేనేం చెయ్యను?

12, బుధవారం

అక్క షాపు మీద పడింది తాళాలమ్మ.

పాత డ్రైవరే చెప్పి ఉంటాడు. రెండు నెలలు జీతం ఆగినంత మాత్రాన ఇంత ద్రోహమా? నా వ్యాన్ నడిపి, నా మీదే చెప్తాడా!

గుండీలావిడ ఫోన్ చేసింది. గుండీలు కుట్టి, కాజాలు తీసే మనిషి, అక్క దగ్గర చాలా ఏళ్లుగా ఉంది. "మీ అక్కగారు రమ్మంటున్నారు" అని ముక్తసరిగా చెప్పి పెట్టేసింది. నేను వెళ్లేసరికి పని అయిపోవచ్చింది. పొడుగాటి గది, ట్యూబులైట్ల కింద రెండు వరసల్లో పదకొండు మిషన్లు. కత్తిరించిన గుడ్డ ఎక్కడికక్కడ కట్టలు కట్టి ఉంది, చొక్కాలకి తెల్లది, లాగులకీ స్కర్టులకీ బూడిదది. పిల్లల చొక్కాల చేతుల ముక్కలు ఒక బుట్ట నిండా ఉన్నాయి. ప్రతి మిషన్‌కీ సూది దగ్గర నుంచి చక్రం దాకా ఒక కాగితం అంటించి, దాని మీద నంబరు వేసి సంతకం చేశారు. చక్రం తిప్పితే కాగితం చిరుగుతుంది. చిరిగితే నేరం. పనిచేసే ఆడవాళ్లంతా చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని ఉన్నారు. అక్క మెళ్లో టేపు వేసుకుని మధ్యలో నిలబడింది.

"ఇందులో కంపెనీవి నాలుగున్నాయి" అంది తాళాలమ్మ నాతో. "వాటి నంబర్లు ఎవరో గీకేశారు. మీ అక్కగారి వాటి మీద నంబర్లేమో వాడి వాడి అరిగిపోయాయి. ఏది ఏదో తెలియడం లేదు. బిల్లులు లేవంటున్నారు."

"మూతపడ్డ షాపులవాళ్ల దగ్గర ఒక్కొక్కటీ కొనుక్కున్నానమ్మా. బిల్లెవరిస్తారు?" అంది అక్క.

"మరి ఏవి మీవో మీకు తెలుసు కదా."

"తెలుసు. కానీ వీణ్ణి చెప్పనివ్వండి. తెచ్చినవాడు వీడు."

తాళాలమ్మ తల ఊపింది. "నిజానికి మీ ఒక్కరి మాటతో నేను విప్పలేను, ఆయన అక్కగారు కదా మీరు. ఆయన ప్రమాణం చేసి, ఏ నాలుగు తెచ్చారో, ఏ రోజు తెచ్చారో రాసిస్తే మిగతావి ఆరోజే విప్పేస్తాను."

అందరూ నావైపే చూశారు. లాయరుతో మాట్లాడాలన్నాను. గుండీలావిడ గోడవైపు తిరిగి ఏదో గొణిగింది. మంచి మాట అయ్యుండదు.

ఎప్పుడూ గుమ్మం పక్కన కిటికీ దగ్గరుండే నీలం మిషన్‌కి కూడా, షాపులో ఉన్నవన్నీ లెక్కలోకే వస్తాయంటూ, అంటించారు. పదకొండో నంబరు. అది చూశాక నిజంగా ఒళ్లు మండింది. అది నేను బ్యాంకులో గుమాస్తాగా చేరిన కొత్తలో, మొదటి జీతంతో అక్కకి కొన్నది. తోపుడుబండి మీద వేసుకుని, ఎండలో నేనే తోసుకుంటూ తెచ్చాను. అప్పటికి అక్క ఇంట్లో అద్దె మిషన్ మీద జాకెట్లు కుట్టేది. ఆ నీలం మిషన్‌తోనే ఈ షాపంతా లేచింది. అక్క ఆ సంగతి మర్చిపోకూడదు.

అందరూ వెళ్లాక అక్క చెప్పింది. స్కూలు తెరిచేది వచ్చే నెల ఒకటిన. ముందురోజుకి యూనిఫాంలు అందాలి. అడ్వాన్సంతా గుడ్డ మీద పెట్టేసింది. ఆలస్యమైతే ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే షాపు పోతుంది.

"రాసివ్వరా" అంది. "రెండు ముక్కలు."

"సోమవారం కల్లా రాసిస్తాను" అన్నాను.

13, గురువారం

"ఏవి అన్నది సమస్య కాదు సార్. ఎప్పుడు అన్నదే సమస్య" అన్నాడు లాయరు.

"ముందే వెళ్లాయి."

"డ్రైవరు శుక్రవారం సాయంత్రం అని చెప్పాడట. ఆర్డరు అందాక కదిపారంటే కోర్టు ధిక్కారం. సరాసరి లోపలేస్తారు."

"అయితే తేదీ ఊసే వద్దు. పదకొండూ మా అక్కవే అని రాయండి."

లాయరు కలం మూసేసి నన్ను చూశాడు. ఫీజు తీసుకునేవాళ్లు అలా చూడకూడదు. "అలా రాస్తే కంపెనీ సొత్తు దాచుకున్నది ఆవిడవుతుంది. అన్నీ అలాగే కట్టిపడి ఉంటాయి. వ్యవహారం ఆవిడ మెడకి చుట్టుకుంటుంది సార్."

"మా అక్క ఏమీ అనుకోదు."

14, శుక్రవారం

అఫిడవిట్ వేశాం. పదకొండు మిషన్లూ అక్కవే, అందులో నాది ఒక్కటీ కాదు. ఆలోచిస్తే నాలుగు కొత్త మిషన్లు అక్కకి రాసిచ్చేసినట్టే కదా. ఎంతమంది తమ్ముళ్లు చేస్తారు ఇలా? వాయిదా ఇరవై నాలుగుకి పడింది.

17, సోమవారం

పలకరించి వద్దామని షాపుకి వెళ్లాను. లోపల అడుగు పెట్టడానికి చోటు లేదు. కాగితాలు అంటించిన మిషన్ల మీదే గుడ్డ కట్టలు పరిచి, ముక్కలు లెక్కేసి సంచుల్లో పెడుతున్నారు. పనివాళ్లలో ఇంట్లో మిషన్ ఉన్నవాళ్లకి పంచేస్తోంది అక్క. ఒకామెకి కాలర్లు, ఒకామెకి చేతులు, ఒకామెకి స్కర్టు పట్టీలు. వాళ్లు ఇళ్ల దగ్గర కుట్టి తెస్తే ఇక్కడ ఆరుగురు కూర్చుని చేత్తో జోడిస్తున్నారు. అక్క కూడా నేల మీద కూర్చుని చేత్తోనే కుడుతోంది. ఒక కాలరు కుట్టు ఒక దారి పోతే ఇంకొకటి ఇంకో దారి పోయింది.

"పని నడుస్తూనే ఉందిగా" అన్నాను ఉత్సాహం ఇద్దామని.

అక్క దారం పళ్లతో కొరికి, తలెత్తకుండా అంది. "నువ్వు రాసిచ్చింది ఆ రిసీవరమ్మ చదివి వినిపించింది. అన్నీ నావేనట కదా. దొంగసొత్తు కూడా నాదేనట."

"దొంగసొత్తేంటక్కా? అది కంపెనీ..."

"నన్ను అడక్కుండా నా షాపులో తెచ్చి పెట్టావు. పాతవని అబద్ధం చెప్పావు. నాకు మిషన్ పాతదో కొత్తదో తెలియదనుకున్నావా? ఇన్నేళ్లుగా ఏం పీకుతున్నాననుకున్నావిక్కడ?"

గుండీలావిడ కిసుక్కున నవ్వింది. పరాయివాళ్ల ముందు ఇలా మాట్లాడొచ్చా?

"తెలిస్తే మరి ఆరోజే ఎందుకు అడగలేదు?" అన్నాను.

"తమ్ముడివి కదాని" అంది. "ఇప్పటికైనా నిజం రాసివ్వు. నా ఆరు మిషన్లు విప్పుతారు, పని అందుతుంది. నిన్ను ఏమైనా చేస్తారంటావా, చెయ్యనీ. నువ్వు చేసిందానికి నేనెందుకురా మునగాలి?"

ఆ మాటకి నాకు కోపం ఆగలేదు. ఆ నీలం మిషన్ ఎవరు కొనిచ్చారో గుర్తుందా అని అడిగేశాను.

అక్క అప్పుడు తలెత్తింది. "ఎన్నిసార్లు అంటావురా ఆ మాట?"

ఎన్నో సార్లు అనలేదు.

ఇంటికొచ్చాక ఇంకో సంగతి తట్టింది. ఆరు అంది. నా నాలుగు తీసేస్తే ఏడు ఉండాలి. హడావిడిలో లెక్క తప్పి ఉంటుంది.

18, మంగళవారం

రేపు రాసిస్తాను.

19, బుధవారం

తలనొప్పి. కండక్టరు గొడుగేసుకుని నిలబడ్డాడు.

20, గురువారం

రాశాను. అక్షరాలు బాగా రాలేదని చించేశాను.

21, శుక్రవారం

అక్క ఫోన్ చేసింది. స్కూలువాళ్లు వచ్చి చూసి వెళ్లారట. అందదని సగం ఆర్డరు వేరే షాపుకి ఇచ్చేశారట. చేత్తో కుట్టిన చొక్కా ఒకటి పట్టుకుని, "ఇది మీ కుట్టేనా?" అని అడిగారట. అక్క ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి అని ఊరుకోబెట్టేవాణ్ణి.

"సగమైనా మిగిలిందిగా" అన్నాను.

పెట్టేసింది. సోమవారం కోర్టులో తనే చెప్పుకుంటానని అర్జీ పెట్టుకుందని లాయరు సాయంత్రం చెప్పాడు. చెప్పుకోనీ. నా మీద అక్క ఏం చెప్తుంది?

24, సోమవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మళ్లీ చదవను.

కోర్టు హాలు చిన్నది. ఫ్యాను తిరిగితే చప్పుడు, ఆపితే ఉక్క. వెనక బెంచీల నిండా డిపాజిటర్లు. వాళ్ల మధ్య కండక్టరు ఉన్నాడు. ఈరోజు కూర్చున్నాడు.

అక్క బోనెక్కింది. మెళ్లో టేపు తియ్యడం మర్చిపోయింది. నేను సైగ చేశాను, చూడలేదు. నావైపు అసలు చూడలేదు.

"ఈ పదకొండు మిషన్లూ మీవేనని మీ తమ్ముడు ప్రమాణం చేశారు. అవునా?" అని అడిగారు జడ్జిగారు.

"కాదండి."

తాళాలమ్మ మిషన్ల ఫోటోలు అందించింది. అక్క వాటిని బోను అంచు మీద, గుడ్డ ముక్కలు పేర్చినట్టు పేర్చుకుంది. నాలుగు ఫోటోలు తీసి పక్కన పెట్టింది. ఒక్కదాని దగ్గరా తడుముకోలేదు.

"ఇవి వాడు పంపినవండి."

"ఏ రోజు?"

"స్కూలువాళ్లు పిల్లల కొలతలకి వచ్చిన శుక్రవారం. వాళ్లు వెళ్లిపోయాక, సాయంత్రం వ్యాన్ వచ్చింది."

జడ్జిగారు తేదీ చూసుకుని రాసుకున్నారు. నా లాయరు నిట్టూర్చాడు. అక్క నన్ను పట్టిచ్చేసింది.

"మిగతా ఏడూ మీవేనా?"

"ఆరు నావండి." ఒక ఫోటో విడిగా తీసి ముందుకి జరిపింది. "ఈ నీలంది వాడిది. ఎప్పుడో కొనిచ్చాడు. దీన్ని కూడా తీసుకెళ్లండి."

తాళాలమ్మే లేచి, "అది బాగా పాతదమ్మా, కంపెనీ జాబితాలో లేదు. మేం అడగడం లేదు" అంది.

"వాడి డబ్బుతో కొన్నది. అది ఏ డబ్బో నాకు తెలీదు. రేపు మళ్లీ ఎవరో వచ్చి నా షాపులో కాగితాలు అంటించడం నాకొద్దు. వాడిది ఏదీ నా దగ్గర ఉండకూడదు."

ఎలా లేచానో తెలీదు. లాయరు కోటు పట్టుకుని లాగుతున్నాడు. "అది నాది కాదండీ! అది మా అక్కది!" అని అరిచాను.

డిపాజిటర్ల లాయరు కూర్చున్నచోటి నుంచే, "ఇది కూడా ఆయనది కాదట సార్" అన్నాడు.

అందరూ నవ్వారు. కండక్టరు కూడా నవ్వాడు. ఇన్నాళ్లూ గేటు ముందు రాయిలా నిలబడ్డ మనిషి భుజాలు ఎగరేసి మరీ నవ్వాడు. జడ్జిగారు నవ్వలేదు. నా అఫిడవిట్లు రెండూ తీసి చదివారు. ఫ్లాటు నాది కాదు. కారు నాది కాదు. వాచీలు నావి కావు. మిషన్లు నావి కావు. "మొత్తం మీద మీదన్నది ఒక్క కళ్లజోడు. కూర్చోండి."

"ఈసారి నిజమండీ" అన్నాను.

"ఈసారా?" అన్నారు జడ్జిగారు.

కూర్చున్నాను. మొదటి జీతం అని చెప్దామనుకున్నాను. తోపుడుబండి సంగతి చెప్దామనుకున్నాను. ఎండలో తెచ్చానని చెప్దామనుకున్నాను. ఎవరికి చెప్పను? అక్క బోను దిగి, టేపు అప్పుడు చూసుకుని, చుట్టి సంచిలో పెట్టుకుంది.

మూడు నెలలు. ఒకటో తారీఖు సోమవారం ఉదయం వెళ్లి లొంగిపోవాలి.

25, మంగళవారం

అక్క మిషన్లు ఆరూ విప్పేశారట. నాకు ఎవరూ చెప్పలేదు. షాపు ముందు నుంచి వెళ్తుంటే చప్పుడు వినబడింది.

28, శుక్రవారం

మా గోడౌన్‌కి వెళ్లాను. ఇప్పుడది తాళాలమ్మ గోడౌన్. నా నాలుగు మిషన్లూ ఒక పక్క, నా ఆఫీసు గది కార్పెట్లు ఒక పక్క ఉన్నాయి. నీలం మిషన్ మూల ఉంది. చక్రం మీద రంగు పోయి, అక్క చెయ్యి పడే చోట ఇనుము తళతళలాడుతోంది. సూది కింద చిన్న తెల్ల దారం ముక్క ఇంకా ఉంది.

"అది మా అక్కకి ఇచ్చెయ్యండి" అన్నాను. ఈ మనిషిని బతిమాలే రోజొస్తుందని అనుకోలేదు. "నేను జీతంతో కొన్నాను. కంపెనీ పెట్టక ముందెప్పుడో."

"బిల్లుందా?"

"అప్పటి బిల్లు ఎవరు దాస్తారండీ?"

తాళాలమ్మ నా మొహంలోకి కాసేపు చూసింది. ఎప్పుడూ ఉండే ఎకసెక్కం లేదు. అది చూసి ఇంకా చిరాకేసింది. "మీరు చెప్పేది నిజమే కావచ్చు. కోర్టులో ఆవిడ వద్దని చెప్పిన వస్తువు నేనెలా ఇస్తాను? వేలంలో పెట్టాలి. ఏమంత రాదు" అంది.

"నేను పాడుకుంటాను."

"ఏ డబ్బుతో?"

బయటికొచ్చాను.

30, ఆదివారం

షాపు ఆదివారమైనా తెరిచే ఉంది. మిగిలిన సగం ఆర్డరు ఈ సాయంత్రం అందించాలి. గుండీలావిడ నన్ను చూసి, "అక్కా, మీ తమ్ముడు" అని లోపలికి కేకేసి, నోట్లో గుండీలు పెట్టుకుని పని చేసుకుంటోంది. కూర్చోమని అనలేదు.

గుమ్మం పక్కన కిటికీ దగ్గర నేల మీద నీలం మిషన్ కాళ్ల గుర్తులు నాలుగు గుంటలు పడి ఉన్నాయి. వాటి పక్కనే బూడిదరంగు మిషన్ ఒకటి జరుపుకుని అక్క కుడుతోంది.

"ఏం కావాలి?" అంది. గిరాకీని అడిగినట్టే అడిగింది.

"రేపు వెళ్తున్నాను."

"తెలుసు."

దారంతా వెయ్యి మాటలు అనుకున్నాను. సగం ఎలా తిట్టాలి అని, సగం ఎలా బతిమాలాలి అని. నోటికొచ్చింది ఒకటే. "ఆ నీలం మిషన్ జీతం డబ్బే అక్కా. ఒట్టు."

అక్క కాలు ఆగింది. "అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చు కాదు. నిజం. ఆ నెల జీతం మొత్తం దానికే ఇచ్చాను. నువ్వు వండి పెట్టావు నెలంతా."

"నిజమేనేమోరా." గుడ్డ సర్దుకుంది. "ఇన్నేళ్లు దాని మీద కూచున్నాను. ఒక్కరోజూ ఆ డబ్బెక్కడిదని అనుకోలేదు. మొన్న దానికి కాగితం అంటించినప్పుడు మొదటిసారి అనుకున్నాను. ఇంక దాని మీద నా చెయ్యి ఆడదు."

నేను అక్కడే నిలబడ్డాను. ఇంకేదైనా అంటుందని చూశాను. మూడు నెలలు జాగ్రత్త అనో, దిక్కుమాలినవాడా అనో, ఏదో ఒకటి. అక్క సూదిలోకి దారం ఎక్కించబోయి, చిన్న కన్ను కనబడక రెండుసార్లు తప్పింది.

"కాస్త పక్కకి జరుగు" అంది. "వెలుతురుకి అడ్డంగా ఉన్నావు."

జరిగాను. దారం ఎక్కింది. అక్క మళ్లీ కుట్టుకుంటూ పోయింది.